యంత్రానికి పాచికలు నేర్పిన గణితవేత్త - జాన్ వాన్ న్యూమన్

పాచికలు విసరడం, గవ్వలు వేయడం, పేకముక్కలు కలపడం మానవునికి అనాదిగా తెలిసిన విద్యలు. విసిరిన చేతికి కూడ ఏ సంఖ్య పడనున్నదో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే ఆట యొక్క న్యాయం ఇమిడి ఉన్నది. అయితే గణన యంత్రానికి ఈ విద్య సహజంగా అబ్బదు. అది చెప్పినదే చేస్తుంది, చెప్పిన విధంగానే చేస్తుంది. ఒకే ప్రశ్నను వేయిసార్లు అడిగినా ఒకే సమాధానం ఇస్తుంది. అట్టి నియమబద్ధమైన యంత్రం చేత పాచికలాడించడం ఎట్లా? ఈ ప్రశ్నను తీవ్రంగా పట్టించుకొని, సమాధానం కనుగొని, ఆ సమాధానంలోని లోపాన్ని కూడ తానే లోకానికి తెలియజేసిన మేధావి జాన్ వాన్ న్యూమన్. ఆయన జీవితాన్ని, అందులోను ముఖ్యంగా ఈ ఒక్క సమస్యతో ఆయన సాగించిన పరిశ్రమను మా కళాశాల విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసాన్ని సంకల్పించాము.

వాన్ న్యూమన్ 1903 డిసెంబరు 28వ తేదీన హంగరీ దేశపు రాజధాని బుడాపెస్ట్ నగరంలో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యానోష్. తండ్రి మిక్షా బ్యాంకు వ్యవహారాలలో ఆరితేరినవారు. తల్లి పేరు మార్గిట్. బాల్యంలోనే ఆ బాలుని జ్ఞాపకశక్తి, లెక్కలలోని వేగం ఇంటివారిని ఆశ్చర్యపరిచాయి. నగరంలోని లూథరన్ ఉన్నత పాఠశాలలో లాస్లో రాట్స్ అనే ఉపాధ్యాయుడు ఆ బాలుని ప్రతిభను గుర్తించి, విశ్వవిద్యాలయ గణితవేత్తల వద్ద ప్రత్యేక శిక్షణ లభించేటట్లు చేశారు. ఆ పాఠశాలలో ఒక తరగతి ముందు చదివిన యూజీన్ విగ్నర్ తరువాతి కాలంలో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందారు. ఒక మంచి ఉపాధ్యాయుడు, ఒక మంచి పాఠశాల ఎంతటి ఫలితాన్ని ఇవ్వగలవో గ్రహించడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

గణితంతో జీవనం గడవదని తండ్రి భయపడ్డారు. అందువల్ల కుమారుడు రెండు చదువులు ఏకకాలంలో సాగించవలసి వచ్చింది. బెర్లిన్‌లోను, తరువాత జ్యూరిక్‌లోను రసాయన ఇంజనీరింగు చదువుతూ, మరొక ప్రక్క బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో గణితానికి పేరు నమోదు చేయించుకొని, 1926లో ఇంజనీరింగు పట్టాను, గణితంలో డాక్టరేటును కూడ సాధించారు. అనంతరం గాటింగెన్‌లో సుప్రసిద్ధ గణితాచార్యుడు డేవిడ్ హిల్బర్ట్ సాన్నిహిత్యంలో పనిచేశారు. 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన వ్యాసాన్ని ప్రకటించారు. ఇద్దరు ప్రత్యర్థులు తలపడినప్పుడు, ఎత్తును ఒక్కొక్కసారి పాచిక వేసి నిర్ణయించుకోవడమే వివేకమైన పద్ధతి కావచ్చునని ఆ సిద్ధాంతం నిరూపించింది. అనగా యాదృచ్ఛికత అజ్ఞానానికి గుర్తు మాత్రమే కాదు, బుద్ధిమంతుని చేతిలో అది సాధనం కూడ కాగలదు. ఈ భావన ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. 1932లో ఆయన నిరూపించిన ఎర్గోడిక్ సిద్ధాంతం కూడ ఈ కోవకే చెందుతుంది. ఒక నియమానుసారం చలించే వ్యవస్థ దీర్ఘకాలంలో సగటున ఎట్లా ప్రవర్తిస్తుందో చెప్పే సిద్ధాంతమది.

1930లో ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరుకున్నారు. 1933లో అక్కడ క్రొత్తగా నెలకొన్న ఉన్నత అధ్యయన సంస్థలో, ఐన్‌స్టీన్ తదితరులతో పాటు తొలి ఆచార్యులలో ఒకరైనారు. నాటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరాలు కూడ నిండలేదు. 1937లో అమెరికా పౌరసత్వం స్వీకరించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో 1943 నుండి లాస్ అలమోస్‌లో అణుబాంబు నిర్మాణ కృషిలో పాల్గొన్నారు. ప్రేలుడు తరంగాలను కేంద్రం వైపునకు మళ్ళించే సమస్యపై ఆయన చేసిన గణితం అందులో కీలకమైనది. ఆ లెక్కలు చేతితో తేలేవి కావు. వేగంగా లెక్కించే యంత్రం కోసం ఆయన మనస్సు వెదకసాగింది.

1944 వేసవిలో ఆబర్డీన్ రైల్వే ప్లాట్‌ఫారం మీద హెర్మన్ గోల్డ్‌స్టైన్ అనే యువ సైనికాధికారి ఆయనను గుర్తుపట్టి పలకరించాడు. ఫిలడెల్ఫియాలో సుమారు 18,000 వాక్యూం ట్యూబులతో ఎనియాక్ అనే యంత్రం తయారవుతున్నదని ఆ సంభాషణలో తెలిసింది. ఆనాటి నుండి వాన్ న్యూమన్ జీవితం క్రొత్త మలుపు తిరిగింది. 1945 జూన్‌లో ఎడ్వాక్ అనే తరువాతి యంత్రాన్ని గురించి ఆయన వ్రాసిన నివేదిక వెలువడింది. ఆదేశాలను, సంఖ్యలను ఒకే జ్ఞాపక భాండారంలో ఉంచే పద్ధతిని అది స్పష్టంగా వివరించింది. ఆ నివేదికపై ఆయన పేరు ఒక్కటే ఉండడం వల్ల యంత్ర నిర్మాతలైన ఎకర్ట్, మాక్లీలకు అన్యాయం జరిగిందన్న వివాదం అప్పుడే బయలుదేరింది. అది నేటికీ పూర్తిగా సమసిపోలేదు. మహనీయుని జీవితం వ్రాసేటప్పుడు ఇట్టి విషయాలను దాచడం భావ్యం కాదని మా అభిప్రాయం.

ఇక మన ప్రధాన విషయానికి వద్దాము. 1946లో ఆయన మిత్రుడు, పోలండ్ దేశీయుడైన గణితవేత్త స్టానిస్లా ఉలామ్ మెదడు వ్యాధితో మంచం పట్టి, కోలుకునే రోజులలో ఒంటరిగా పేకాడుతూ కాలక్షేపం చేసేవారు. ఒక ఆట గెలిచే అవకాశమెంత అని లెక్కవేయబోగా గణితం చిక్కుపడింది. దానికి బదులు నూరు ఆటలాడి గెలుపులను లెక్కపెట్టుకుంటే సరిపోదా అన్న ఆలోచన ఆయనకు మెరిసింది. ఈ సంగతి విన్న వాన్ న్యూమన్ దాని శక్తిని వెంటనే గ్రహించారు. అణుపదార్థంలో ఒక న్యూట్రాను ఎంతదూరం పోతుందో, ఏ పరమాణువును తాకుతుందో, చీల్చుతుందో, చెదిరిపోతుందో, ప్రతి మజిలీలోను పాచిక వేసి నిర్ణయించి, వేలాది న్యూట్రానుల కథలను యంత్రం చేత నడిపించవచ్చును. 1947 మార్చిలో సహచరుడు రిక్ట్‌మయర్‌కు వ్రాసిన లేఖలో ఆయన ఈ పథకాన్ని వివరంగా రూపొందించారు. మరొక సహచరుడు నికొలస్ మెట్రోపొలిస్ దీనికి జూదగృహాలకు పేరుపొందిన మాంటీ కార్లో పేరు పెట్టారు.

పథకం బాగున్నది. కాని పాచికలేవి? యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలను ముందుగా కార్డులపై గ్రుచ్చి యంత్రానికి అందిస్తే, యంత్రపు వేగమంతా కార్డులు చదవడంలోనే హరించుకుపోతుంది. విద్యుత్ పరికరాలలో సహజంగా పుట్టే రణగొణ ధ్వని నుండి సంఖ్యలు తీయవచ్చును. రాండ్ సంస్థ ఆ మార్గాన్ని అనుసరించి సిద్ధపరచిన పది లక్షల అంకెల పుస్తకం 1955లో అచ్చయింది. అయితే ఆనాటి ట్యూబులు తరచుగా చెడిపోయేవి. లెక్క సరియైనదో కాదో తెలియాలంటే మళ్ళీ చేసి చూడవలసిందే. సహజ ధ్వని నుండి పుట్టిన సంఖ్యలు రెండవసారి తిరిగి రావు గనుక లెక్కను సరిచూచుకునే దారి మూసుకుపోతుంది. అందువల్ల యంత్రమే గణితసూత్రంతో సంఖ్యలను పుట్టించాలని, అవి యాదృచ్ఛికాలు కాకపోయినా యాదృచ్ఛికాల వలె ప్రవర్తిస్తే చాలునని వాన్ న్యూమన్ నిర్ణయించారు. వీటినే నేడు మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు అంటున్నారు.

ఆయన వాడిన మొదటి ఉపాయం వర్గపు నడిమి అంకెల పద్ధతి. ఒక నాలుగంకెల సంఖ్యను తీసుకొని వర్గం చేసి, వచ్చిన ఎనిమిది అంకెలలో నడిమి నాలుగింటిని గ్రహించి, మళ్ళీ వాటికే వర్గం చేయాలి. 1234తో మొదలుపెడితే వర్గం 01522756. నడిమి అంకెలు 5227. దాని వర్గం 27321529 నుండి 3215, తరువాత 3362, ఆ తరువాత 3030. చూపునకు ఇవి చెల్లాచెదరుగా ఉన్నవి. కాని మా విద్యార్థులు 2100తో మొదలుపెట్టి చూతురు గాక! 2100 తరువాత 4100, పిదప 8100, పిదప 6100, మళ్ళీ 2100. గానుగెద్దు వలె నాలుగు సంఖ్యల చుట్టూ శాశ్వతంగా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని సంఖ్యలు సున్నలోకి జారి అక్కడే నిలిచిపోతాయి.

రెండవ ఉపాయం ఇంతకంటె సుందరమైనది. 1947లో ఉలామ్, వాన్ న్యూమన్ కలిసి ప్రకటించిన ఒక చిన్న సంగ్రహంలో అది కనిపిస్తుంది. సున్నకు, ఒకటికి మధ్య ఒక భిన్నాన్ని తీసుకోవాలి. ఒకటి నుండి దానిని తీసివేయగా మిగిలిన దానితో దానిని హెచ్చవేసి, నాలుగు రెట్లు చేయాలి. వచ్చిన దానికి మళ్ళీ అదే పని. 0.1 నుండి 0.36, దాని నుండి 0.9216, ఆ తరువాత 0.28901376. సూత్రం ఒక పంక్తికి మించదు. ఫలితం మాత్రం ఊహకు అందదు. మొదటి సంఖ్యలో అణుమాత్రం తేడా ఉన్నా ఆ తేడా సగటున ప్రతి మెట్టులోను రెట్టింపవుతుంది. పది మెట్లలో వేయి రెట్లు, ఇరువది మెట్లలో పది లక్షల రెట్లు! నియమం ఉండి కూడ జోస్యానికి లొంగని ఈ గుణానికే తరువాతి తరంవారు కేయాస్ అని పేరుపెట్టారు. తెలుగులో దీనిని అవ్యవస్థ అనుకొందాము. ఇందులోని సంఖ్య సగం కంటె తక్కువైతే సున్న, ఎక్కువైతే ఒకటి అని వ్రాసుకుంటూ పోతే, గణితంలో అది నిష్పక్షపాతమైన నాణెం ఎగురవేయడంతో సమానమని నిరూపించవచ్చును.

అయితే ఇక్కడే గణితానికీ, యంత్రానికీ మధ్యనున్న అగాధం బయటపడుతుంది. గణితంలోని భిన్నానికి అనంతమైన అంకెలుంటాయి. యంత్రంలో ఉండవు. వాన్ న్యూమన్ ప్రిన్స్‌టన్‌లో నిర్మించిన యంత్రంలో ఒక్కొక్క సంఖ్యకు 40 బిట్లు మాత్రమే స్థానం. అందులో ఒకటి ధన ఋణాల గుర్తునకు పోగా మిగిలినవి 39. తేడా ప్రతి మెట్టులో రెట్టింపవుతున్నదనగా, మొదటి సంఖ్యలోని ఒక బిట్టు ప్రతి మెట్టులో ఖర్చయిపోతున్నదని అర్థం. నలుబది మెట్లు నడిచేసరికి మనం ఇచ్చిన మూలధనం యావత్తు హరించుకుపోతుంది. ఆ తరువాత యంత్రం వెలువరించేది ఆ సుందర సూత్రపు ఫలితం కాదు. హెచ్చవేతలో మిగిలిన చివరి అంకెలను యంత్రం కత్తిరించే పద్ధతి యొక్క ఫలితం. ఇట్టి పరంపరను పరీక్షించేవాడు నిజానికి సూత్రాన్ని కాక, కత్తిరింపు దోషాన్నే పరీక్షిస్తున్నాడని వాన్ న్యూమన్ 1949 నాటి సదస్సులో హెచ్చరించారు. ఆ ప్రసంగం 1951లో ముద్రితమైంది. తన సొంత ఉపాయంలోని లోపాన్ని ఇంత సూటిగా విప్పిచెప్పిన శాస్త్రజ్ఞులు అరుదు.

మరొక చిక్కు కూడ ఉన్నది. 39 బిట్లతో ఏర్పడగల సంఖ్యలు సుమారు 55 వేల కోట్లు. ఎంత పెద్దదైనా అది పరిమితమే. పరిమితమైన స్థితులు గల యంత్రం ఏదో ఒకనాడు వెనుకటి సంఖ్యకు తిరిగి రాక తప్పదు. వచ్చిన మరుక్షణం నుండి పాత పాటే. పైగా ఆ తిరిగి రావడం స్థితులన్నీ చూచిన తరువాత కాదు. ఇష్టానుసారం గెంతే పరంపర సాధారణంగా స్థితుల సంఖ్య యొక్క వర్గమూలం దరిదాపుల్లోనే చిక్కుకుంటుంది. అనగా 55 వేల కోట్లకు బదులు కొన్ని లక్షలు మాత్రమే. నడిమి అంకెల పద్ధతిని 38 బిట్ల సంఖ్యలతో పరీక్షించిన మెట్రోపొలిస్‌కు సుమారు 7,50,000 సంఖ్యల వరకు పరంపర చెడకుండ నడిచింది. 20 బిట్లతో చేసినప్పుడు మాత్రం ఎటు తిరిగినా 13 వలయాలలో ఒకదానిలో పడిపోయింది; అందులో పెద్దదాని పొడవు 142 మాత్రమే.

ఈ రెండు ఉపాయాలలో అందమైన దానిని వదలి, మోటుగా ఉన్న నడిమి అంకెల పద్ధతినే వాన్ న్యూమన్ పనిలో పెట్టారు. కారణం గమనింపదగినది. ఆ పద్ధతి చెడిపోయినప్పుడు సున్నలు, పునరుక్తులు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. లోపం దాగి ఉండదు. 1948లో ఎనియాక్‌పై తొలి మాంటీ కార్లో లెక్కలు నడిచాయి. వాటికి ఆదేశాలను వ్రాసినవారిలో ముఖ్యురాలు ఆయన భార్య క్లారా. కంప్యూటరు చరిత్రలో తొలి ప్రోగ్రాం రచయితలలో ఒకరైన ఆమెకు దక్కవలసిన పేరు చాలకాలం దక్కలేదు.

1951లో ముద్రితమైన ఆ ప్రసంగంలోనే మరొక చమత్కారమున్నది. ఒక నాణెం ఒకవైపే ఎక్కువగా పడుతున్నదనుకొందాము. దానితో న్యాయమైన పందెం వేయడం ఎట్లా? రెండేసి సార్లు ఎగురవేయాలి. రెండూ ఒకటే అయితే లెక్కలోనికి తీసుకోరాదు. బొమ్మ తరువాత బొరుసు వస్తే ఒక ఫలితం, బొరుసు తరువాత బొమ్మ వస్తే రెండవ ఫలితం. ఏ ఎగురవేత ప్రభావమూ తరువాతి దానిపై లేనంతవరకు ఈ రెండింటికీ అవకాశం సమానమే. ఈ సులువైన ఉపాయం యాదృచ్ఛిక సంఖ్యల చిప్పుల నిర్మాణంలో నేటికీ పనికివస్తున్నది.

ప్రిన్స్‌టన్ యంత్రాన్ని 1952 జూన్‌లో లాంఛనంగా ప్రారంభించారు. జూలియన్ బిగెలో ప్రధాన ఇంజనీరు. 40 చిత్రనాళాలలో 1024 సంఖ్యలు నిలువ ఉండేవి. దాని నిర్మాణ వివరాలను రహస్యంగా దాచక నివేదికల రూపంలో అందరికీ పంపడం వల్ల, ఆ నమూనాపై అమెరికాలోను, స్వీడన్, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా దేశాలలోను యంత్రాలు వెలిశాయి. మన దేశంలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ నిర్మించి 1960లో పనిలోనికి తెచ్చిన టిఫ్రాక్ యంత్రంపై కూడ ఆ సంప్రదాయపు ప్రభావం కలదు.

1950లో ఎనియాక్‌పై తొలి వాతావరణ సూచనలను లెక్కించిన బృందానికి కూడ వాన్ న్యూమన్ అండగా నిలిచారు. విచిత్రమేమనగా, 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ సమీకరణాలను కంప్యూటరుపై పరిశీలిస్తూ ఈ అవ్యవస్థనే తిరిగి కనుగొన్నారు. 1975లో లీ, యార్క్ అనే గణితవేత్తలు కేయాస్ అన్న పేరును గణితంలో ప్రవేశపెట్టారు. 1976లో రాబర్ట్ మే జీవుల సంఖ్య పెరుగుదలను వివరించే ఒక సూత్రాన్ని విశ్లేషించగా, అది వాన్ న్యూమన్ పాచిక సూత్రం యొక్క కుటుంబమే అయినది! 1989లో రాబర్ట్ మాథ్యూస్ అవ్యవస్థా సూత్రంతో రహస్య లిపిని తయారుచేయవచ్చునని సూచించారు. ఆ సంవత్సరమే వీలర్ అనే పరిశోధకుడు కంప్యూటరుపై అట్టి సూత్రం చిన్న వలయాలలో చిక్కుకోగలదని చూపారు. నలుబది సంవత్సరాల క్రిందటి హెచ్చరిక మరొక రూపంలో తిరిగి వినిపించింది.

నేడు ఈ సూత్రాన్ని చిప్పుపై అమర్చడం ఇంజనీరింగు విద్యార్థులకు అందుబాటులోని పని. నాలుగుతో హెచ్చవేయడానికి వేరే పరికరం అక్కరలేదు, తీగలను రెండు స్థానాలు జరిపితే చాలును. ఒక తీసివేత సర్క్యూట్, ఒక హెచ్చవేత సర్క్యూట్, సంఖ్యను నిలిపే ఒక రిజిస్టరు ఉంటే యంత్రం సిద్ధం. కష్టమంతా పరిమితత్వాన్ని ఎదుర్కొనడంలో ఉన్నది. భిన్నం సరిగా సగమైతే తరువాతిది ఒకటి, ఆ తరువాతిది సున్న, ఇక కదలిక లేదు. అందుకే బిట్ల సంఖ్యను పెంచుతారు. రెండు మూడు సూత్రాలను జోడిస్తారు. నిర్ణీతమైన దీర్ఘ వలయం గల మరొక సర్క్యూట్ నుండి అప్పుడప్పుడు ఒక బిట్టును కలిపి, పరంపరను గానుగ బాట నుండి తప్పిస్తారు. ఇంత చేసినా, పరీక్షలలో నెగ్గినంత మాత్రాన రహస్య లిపికి అది పనికివస్తుందని చెప్పరాదు. చూడడానికి చెల్లాచెదరుగా ఉండడం వేరు, శత్రువు ఊహకు అందకుండ ఉండడం వేరు.

ఆయన జీవితంలోని చీకటి పార్శ్వాన్ని కూడ చెప్పి ముగించవలసి ఉన్నది. 1945లో జపాన్‌పై బాంబు వేయవలసిన లక్ష్యాలను పరిశీలించిన సంఘంలో ఆయన సభ్యుడు. పాచికలు వేసిన ఆ తొలి లెక్కలు మారణాయుధాల కొరకు చేసినవే. సోవియట్ దేశం పట్ల ఆయన వైఖరి మిక్కిలి కఠినమైనది. 1955లో అమెరికా అణుశక్తి సంఘంలో సభ్యులైనారు. ఆ సంవత్సరమే క్యాన్సరు వ్యాధి బయటపడింది. చక్రాల కుర్చీలో కూర్చొని కూడ సమావేశాలకు హాజరైనారు. మెదడును, కంప్యూటరును పోల్చుతూ యేల్ విశ్వవిద్యాలయంలో చేయదలచిన ఉపన్యాసాలు పూర్తి కాలేదు. అసంపూర్ణంగానే 1958లో గ్రంథరూపం పొందాయి. 1957 ఫిబ్రవరి 8వ తేదీన వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో తమ 53వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆయన మేధాశక్తిని అనుకరించడం మనకు సాధ్యం కాదు. ఆ శక్తి వినియోగమైన మార్గాలన్నీ మనకు సమ్మతం కాకపోవచ్చును. కాని ఒక గుణాన్ని మాత్రం ప్రతి విద్యార్థి అలవరచుకోగలడు. తాను వాడే పనిముట్టు ఎక్కడివరకు నిజం చెబుతుందో, ఎక్కడి నుండి నటిస్తుందో ఆయన ముందుగా తెలుసుకున్నారు; తెలుసుకున్నది దాచలేదు. సొగసైన సూత్రం కంటె, చెడినప్పుడు చెడినట్లు కనిపించే మోటు సూత్రాన్ని ఎన్నుకున్నారు. ప్రయోగశాలలో వచ్చిన అంకెను పుస్తకంలోని అంకెకు సరిపెట్టి వ్రాయాలని మనస్సు పీకే వేళ, మా విద్యార్థులు నలుబది మెట్ల తరువాత తన సూత్రం తనది కాకుండ పోతుందని ఒప్పుకున్న ఈ గణితవేత్తను ఒక్కసారి స్మరించెదరని ఆశిస్తున్నాము.